ఎంగిలి తేనె

ఇంకాసేపట్లో సొంత చెల్లెలి పరువు నలుగురి ముందూ తీయబోతున్నానని ప్లేట్లక్కకి తెలుసు. తెలిసే వచ్చింది. తెలిసే మూడో వరసలో నడవ పక్క కుర్చీ చూసుకుని కూర్చుంది, లేచి నిలబడాలంటే ఎవరి మోకాళ్ళూ తప్పించుకోనక్కర్లేని చోటు. హాల్లో కిటికీ తెరలు మూసేశారు, అయినా ఒక తెర అంచులోంచి మధ్యాహ్నపు ఎండ సన్నగా దూరి సరిగ్గా వేదిక మీద ఉడత భుజం మీదే పడింది. ఎండకి కూడా అదే కావాలి, ఇంతమంది ఉండగా. ఉడత అంటే చెల్లెలు. చిన్నప్పుడు ముద్ద బుగ్గన పెట్టుకుని మింగకుండా ఇల్లంతా తిరిగేది, ఏడిపించడానికి తనే పెట్టింది ఆ పేరు, తీరా చూస్తే అది తిట్టులా తగలకుండా ముద్దుపేరై కూర్చుంది, ఇప్పుడు ఈ పెద్దపెద్దవాళ్ళు కూడా నవ్వుతూ అదే పేరుతో పిలుస్తున్నారు. తనకి మాత్రం ల్యాబ్ వాళ్ళు పెట్టిన పేరు మిగిలింది. సూక్ష్మజీవుల్ని పెంచే ప్లేట్లు పోసీ పోసీ, పేర్చీ పేర్చీ, ప్లేట్లక్క అయిపోయింది. జనం పిలిచేది మనిషిని కాదు, గిన్నెల్ని. మొదటి వరసలో ముగ్గురు పరీక్షకులు కూర్చున్నారు, మధ్యలో బూడిదరంగు కోటు వేసుకున్నావిడ కలం మూత తీసి పట్టుకుంది. వాళ్ళు ఊ అంటే ఉడతకి సొంతంగా ఒక ల్యాబ్, మూడేళ్ళకి సరిపడా నిధులు, తలుపు మీద దాని పేరు. ఊహూ అంటే మళ్ళీ వచ్చే ఏడాదికి ఇంకెవరి కాళ్ళో పట్టుకోవాలి. ఊహూ అనిపించడానికి కావాల్సింది ఒకే ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్న ఈ మూడో వరసలో, ఈ నడవ పక్క కుర్చీలో ఉంది.

నిన్న సాయంత్రం దాకా లేదు ఆ ప్రశ్న. నిన్న సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ల్యాబ్‌లో వెచ్చటి పెట్టె తలుపు తీసి ఆ ప్లేట్లని ఊరికే చూసింది, ఎదుటివాళ్ళ కొత్త నగని చేతిలోకి తీసుకుని చూసినట్టు. తీపి కలిపిన జెల్లీ మీద చుక్కలు, ఉబ్బెత్తుగా, నీటిబొట్టు గడ్డకట్టినట్టు మెరుస్తూ. ఉడత కనిపెట్టిన సూక్ష్మజీవి. గట్టు మీద తోటలో పూసే పూల తేనెలో మాత్రమే ఉంది, కింద రెండు తోటల్లో లేదు. గట్టు తోట తేనెటీగలకి పొట్టజబ్బు బాగా తక్కువ, కింది తోటల్లో ఎక్కువ. తేనెటీగ పువ్వు మీద వాలి పుప్పొడితోపాటు ఈ జీవిని కూడా మోసుకుపోతోందని, అదే దాని పొట్టని కాపలా కాస్తోందని ఉడత మాట. ఎంత అందమైన మాట. పువ్వు తేనెటీగకి మందు పెడుతోంది, డాక్టరు చీటీ కూడా లేకుండా. ఆ మాట విన్న రోజు ప్లేట్లక్కకి రాత్రి అన్నం సయించలేదు. అందుకే నిన్న ఆ చుక్కల్ని అంతసేపు చూసింది, ఎక్కడో చూసినట్టుందే అనుకుంది, చదువుకునే రోజుల్లో అల్లరికి తమ ఉమ్ము తామే ప్లేటుకి పూసి పెంచినప్పుడు ఇలాగే ఉబ్బలేదూ. ఒక్కసారి ఒళ్ళు జల్లుమంది. కంప్యూటరు ముందు కూర్చుని ఆ జీవి జన్యువుని మళ్ళీ పోల్చింది. ఉడత పోల్చింది పూలల్లో, తేనెటీగల్లో దొరికేవాటితోనే, అక్కడ దీనికి దగ్గరి చుట్టమే తప్ప అచ్చు ఇలాంటిది లేదు కాబట్టి కొత్తదనుకుంది. తను మనుషుల్లో దొరికేవాటితో పోల్చింది. తెర మీద జవాబు వచ్చేసరికి కుర్చీలోంచి లేచి నిలబడింది. మనిషి నోట్లోది. నాలుక మీద కాపురం ఉండేది. కొత్తదీ కాదు, పువ్వుదీ కాదు. ఉత్త ఎంగిలి.

ఎలా జరిగి ఉంటుందో ఆ క్షణంలోనే తేల్చేసింది. పువ్వులోంచి తేనె తీసేది వెంట్రుకంత సన్నటి గాజు గొట్టంతో. మొన చూపిస్తే చాలు, తేనె తనంతట తనే పాకుతుంది. పాకకపోతే తొందరగాళ్ళు వెనకాల రబ్బరు ట్యూబు తగిలించి నోటితో పీలుస్తారు. ఉడత పీల్చి ఉంటుంది, ఆ పిల్లకి మొదట్నుంచీ తొందరే. ఆ ఆలోచన రాగానే లోపల ఏదో చల్లగా జారింది, వేడి వేడి నేల మీద నీళ్ళు చల్లినట్టు. సంతోషమని ఒప్పుకోవడానికి సిగ్గేసింది గానీ అది సంతోషమే. ఇంటికి వెళ్తే ఉడత మేడ మీది తన గదిలోంచి దిగి వచ్చి వంటగదిలో తన ముందు ఈ ప్రసంగం మొత్తం అప్పజెప్పింది, గరిటె మైకులా పట్టుకుని. అయిపోయాక, "అక్కా, ఎక్కడైనా కంత ఉందా? ఉంటే నీకే కనపడుతుంది" అంది. కంత ఉంది. ఏనుగు దూరేంత ఉంది. తను గిన్నె తుడుస్తూ, బాగుంది, వెళ్ళి పడుకో, అంది. ఒక్క మాట. ఆ ఒక్క మాట అప్పుడు చెప్పి ఉంటే ఇవాళ ఈ హాలే లేదు, ఉడత ఏదో జ్వరం సాకు చెప్పి తప్పించుకునేది, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. అందుకే చెప్పలేదు. తెలియాలి. అందరికీ ఒకేసారి తెలియాలి.

ఉడత మొదలుపెట్టింది. మొదటి స్లైడు, పువ్వు మీద తేనెటీగ, ఒళ్ళంతా పుప్పొడి, పసుపు పిండిలో దొర్లినట్టుంది. హాలంతా చిన్నగా నవ్వింది. ఎవరు ఎప్పుడు చూపించినా తేనెటీగ తేనెటీగే, ఉడత చూపిస్తే మాత్రం నవ్వుతారు. గురువుగారు ఆ చివర కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నారు, కూతురి పాట వింటున్న తండ్రిలా. ఆయన ల్యాబ్‌లో చేరినప్పుడు తనకి ఇరవై దాటి ఎన్నాళ్ళో కాలేదు. మొదటి వారమే తను పోసిన ప్లేట్లని కిటికీ దగ్గర ఎత్తిపట్టుకుని, ఒక్క బుడగ లేదు, నీ చెయ్యి బంగారం అన్నారు. ఆ మాట మీద ఎన్నేళ్ళు బతికింది. తర్వాత ఎండాకాలం సెలవుల్లో ఇంట్లో గోల తట్టుకోలేక ఉడతని వెంటబెట్టుకొచ్చింది, గాజుసామాను కడుగుతుందిలే అని. అది రెండు గ్లాసులు కడిగి, తేనెటీగ పుప్పొడిని గూట్లో ఊరబెడుతుంది కదండీ, మరి అది ఎందుకు కుళ్ళిపోదు, అని అడిగింది. కుర్చీ వెనక్కి వాల్చి కూర్చున్న మనిషి ముందుకి వంగాడు. మంచి ప్రశ్న, అన్నారు గురువుగారు. అంతే. అక్కడే అయిపోయింది. బంగారం లాంటి చెయ్యి ఉన్న మనిషికి పని పెరిగింది, మంచి ప్రశ్న వేసిన పిల్లకి చదువు పెరిగింది. తనకి ప్రశ్నలు రాక కాదు. వచ్చేవి, ప్లేట్లు పోస్తున్నప్పుడు, చేతులు ఖాళీ లేనప్పుడు. చేతులు ఖాళీ అయ్యేసరికి ఇంకెవరో అడిగేసి ఉండేవారు. చెయ్యిని మెచ్చుకుంటే మెడకి పలుపు వేసినట్టేనని అప్పుడు తెలియలేదు. తెలిసేసరికి ఆ ఇంకెవరో తన చెల్లెలే అయి కూర్చుంది.

మొదటి వరస చివర తన మొగుడు. కళ్ళద్దాల దుకాణం ఇవాళ మూసేసి మరీ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. ల్యాబ్ వార్షిక సమావేశంలో ఒకసారి తను ప్లేట్ల మీద పావుగంట మాట్లాడింది, ఆ రోజు ఫ్రేములు వస్తున్నాయి, రాలేనోయ్ అన్నాడు, నిజంగానే వచ్చాయి ఫ్రేములు, అబద్ధం ఆడే మనిషి కాదు. ఇవాళ మాత్రం ఫ్రేములు ఎవరికీ అక్కర్లేదు. ఉడత గట్టు తోటకి వెళ్ళాలంటే బస్సు లేదు, ఆయన పాత వ్యానులో దింపేవాడు, దింపి ఊరుకోక అక్కడే ఉండి వల పట్టుకునేవాడు, సంచులు మోసేవాడు. బావా, నీ బండికంటే మా తేనెటీగ నయం, పెట్రోలు అడగదు, అనేది అది. మరదలా, మీ తేనెటీగకి అయిదు కళ్ళట, ఒక్కదానికైనా అద్దం పెట్టించు, నేను బతుకుతా, అనేవాడు ఈయన. ఇద్దరూ చొక్కాల నిండా పుప్పొడితో మెట్లు ఎక్కి వచ్చేవారు. వాళ్ళ మధ్య ఏమీ లేదు. ఆ సంగతి తనకంటే బాగా ఎవరికీ తెలియదు, దొంగతనంగా ఎన్ని వందలసార్లు చూసిందని. అదే కదా ప్రాణం తీసేది. తప్పు ఉంటే నిలదీయొచ్చు, పుట్టింటికి వెళ్ళొచ్చు, గిన్నెలు విసిరేయొచ్చు. తప్పు లేని నవ్వుని ఏం చేయాలి? తన దగ్గర ఆయన అలా నవ్వడు. తన దగ్గర బిల్లు కట్టావా, కొళాయి కారుతోంది, నీ మెడనొప్పి ఎలా ఉంది. అవీ ప్రేమే, కాదనదు. కానీ మెడనొప్పి గురించి అడిగేవాడి మొహం వేరు, తేనెటీగ అయిదు కళ్ళ గురించి చెప్పేవాడి మొహం వేరు. ఆ రెండో మొహం ఎప్పుడైనా తనకి దొరికిందా? దొరికింది, పెళ్ళయిన కొత్తలో, తన కళ్ళ పవరు చూస్తూ. అక్షరాలు చదవమంటే తను తప్పులు చదివితే నవ్వాడు. తర్వాత అద్దాలు కుదిరాయి, తప్పులు ఆగిపోయాయి.

స్లైడు మారింది. గట్టు తోట. ఊదారంగు గొట్టాల్లాంటి పూలు, బారులు బారులుగా. ఉడత ఒక పువ్వుని పెద్దది చేసి చూపిస్తోంది, అడుగున మెరుస్తున్న తేనె చుక్క, ఆ చుక్క ఒక చిన్న ఊరు అంటోంది, అందులో పుట్టేవాళ్ళు, వలస వచ్చేవాళ్ళు, దొంగలు, కాపలావాళ్ళు అంటోంది. ఎలా మాట్లాడుతుందో. అవే పూలు తనూ చూసింది, అదే చుక్కని వేలసార్లు ప్లేటు మీద పరిచింది, ఒక్కసారి కూడా ఊరు అనిపించలేదు. పని అనిపించింది. చిన్నప్పుడు జామకాయ దొరికితే పైటో గౌనో మధ్యలో అడ్డంపెట్టి కొరికి కాకి ఎంగిలి చేసి ఇచ్చేది దానికి, గుడ్డ అడ్డం ఉంటే ఎంగిలి అంటదని ఇద్దరికీ గట్టి నమ్మకం. తను పెద్ద ముక్క దానికే ఇచ్చేదా? ఇచ్చేదనే ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకుంది. ఇప్పుడు ఈ చీకట్లో గుర్తుచేసుకుంటే గుడ్డ చాటున పళ్ళు ఎంత లోపలికి దిగేవో గుర్తొస్తోంది. పెద్ద ముక్క ఎప్పుడూ తన నోట్లోనే ఉండేది. అయినా అది బుగ్గన పెట్టుకుని ఎంత ఆనందంగా తిరిగేదని, చిన్న ముక్కతోనే, గంటలకొద్దీ. పెద్ద ముక్క మింగేసిన తను దాని బుగ్గ వంక చూస్తూ కూర్చునేది. అది అప్పుడూ ఇంతే. ఎంత ఇచ్చినా దాని దగ్గర ఉన్నదే ఎక్కువగా కనపడుతుంది.

ప్రశ్నని మళ్ళీ ఒకసారి లోపల చదువుకుంది. మర్యాదగా ఉండాలి. అక్కలా కాదు, ల్యాబ్ మనిషిలా. "గొట్టాన్ని నోటితో పీల్చారా?" మీరు అనాలి, నువ్వు అనకూడదు. అది తడబడుతుంది. కోటావిడ కలం ఆగుతుంది. గురువుగారు తన వైపు తిరుగుతారు, ఇరవై ఏళ్ళలో మొదటిసారి చేతుల వైపు కాకుండా మొహం వైపు. ఉడత ఏడుస్తుందా? ఏడిస్తే బయటికి తీసుకెళ్ళి మొహం కడిగించాలి. అది కూడా ఆలోచించి పెట్టుకుంది, సంచిలో చేతిరుమాలు ఉంది. తనకే నవ్వొచ్చింది, కొట్టబోయే మనిషి మందు కూడా పట్టుకొచ్చినట్టు. సరిగ్గా అప్పుడే ఉడత వేదిక మీద నుంచి, "గట్టు తోట తేనె మహా చిక్కన. గొట్టంలోకి మెల్లగా ఎక్కుతుంది గానీ మళ్ళీ దిగదు. దాన్ని ప్లేటు మీదికి దించడం ఎవరివల్లా కాలేదు, మా అక్కవల్ల తప్ప. ఆ మూడో వరసలో కూర్చున్నావిడ. ఆ చెయ్యి లేకపోతే ఇవాళ నేనిక్కడ లేను" అంది. జనం తిరిగి చూశారు. మొగుడు వెనక్కి తిరిగి, అదిగో ఆ మొహంతో, ఆ రెండో మొహంతో తనకేసి నవ్వాడు. ఇన్నాళ్ళకి దొరికింది. ప్లేట్లక్క నవ్వబోయింది. నవ్వు సగంలో పెదాల మీదే గడ్డకట్టింది.

దించింది నేను. ఎలా దించాను?

కింది తోటల తేనె పల్చన. గొట్టం వెనక రబ్బరు బుడ్డి తగిలించి నొక్కితే ప్లేటు మీద టక్కున రాలేది. గట్టు తోట తేనె రాలేది కాదు. బుడ్డి నొక్కీ నొక్కీ బొటనవేలు వాచింది. ఆ రోజు బల్ల మీద గొట్టాలు కుప్పగా ఉన్నాయి, ఆలస్యమైతే ఎండిపోతాయి, బయట మెట్ల మీద వాళ్ళిద్దరూ అప్పుడే తోట నుంచి దిగి ఏదో తింటూ నవ్వుకుంటున్నారు. ఏం నవ్వు అది, తలుపు వేసినా లోపలికి వస్తోంది. కోపంగా బుడ్డి పీకి అవతల పారేసి, సొరుగులోంచి పాత రబ్బరు ట్యూబు తీసి, గొట్టానికి తగిలించి, నోట్లో పెట్టుకుని ఊదింది. దిగింది. ఎంత సుఖంగా దిగిందో. ఇంకోటి తీసుకుని ఊదింది, ఇంకోటి, వాళ్ళు నవ్విన ప్రతిసారీ ఒకటి, బుగ్గలు నొప్పెట్టేదాకా. చదువుకునే రోజుల్లో అందరూ అలాగే ఊదేవారు, గాలే కదా పోయేది అనుకుంది. తలుపు తోసుకుని ఉడత వచ్చింది, చూసింది, అక్కా, బూర ఊదుతున్నావా, అని నవ్వి రెండు సంచులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎన్ని నెలలుగా గట్టు తోట గొట్టాలు వస్తే చాలు చెయ్యి సొరుగులోకే పోయేది. కింది తోటల గొట్టాలకి బుడ్డి, గట్టు తోట గొట్టాలకి నోరు. కింది తోటల ప్లేట్లలో ఏమీ లేదు, గట్టు తోట ప్లేట్లలో కాపలాదారు. అంతే తేడా. పువ్వు తేడా కాదు, నేల తేడా కాదు. తెర మీద ఇప్పుడు ఇంతెత్తున మెరుస్తూ నిలబడ్డ ఆ ఉబ్బెత్తు చుక్క, పెద్దవాళ్ళు మెడలు చాచి చూస్తున్న ఆ చుక్క, ఉడతకి పేరు తెచ్చిపెట్టిన ఆ చుక్క, తన ఉమ్ము. ఇన్ని నెలలు కుళ్ళి కుళ్ళి చచ్చింది తన ఉమ్ముని చూసి.

ఉడత చివరి స్లైడుకి వచ్చేస్తోంది, మూడేళ్ళు ఇస్తే ఈ జీవిని పెంచి కింది తోటల తేనెటీగలకి పట్టి చూస్తానంటోంది. మూడేళ్ళు. దాని జీవితంలో మంచి మూడేళ్ళు అక్క ఎంగిలి తేనెటీగలకి తాగిస్తూ కూర్చుంటుంది, అవి తాగుతాయి, ఏమీ కాదు, ఎందుకు కాలేదో తెలియక మళ్ళీ తాగిస్తుంది. ఊరుకుంటే చాలు, చెల్లెలు తనంతట తనే మునుగుతుంది, తన చేతికి మట్టి కూడా అంటదు. మాట్లాడితే ఇద్దరూ మునుగుతారు. ఈ రెండూ కాక మూడోది ఒకటి ఉంది. అది తలెత్తగానే ప్లేట్లక్కకి వీపు మీద చెమట పట్టింది. తయారుచేసుకున్న ప్రశ్న ఇంకా పనికొస్తుంది. పీల్చారా అని అడిగితే అది లేదంటుంది, నిజమే చెప్తుంది, ఎవరూ నమ్మరు. నోటి జీవి నోటి నుంచే వస్తుంది, తోటలో ఉన్న నోరు దానిదే. ఊదిన నోరు సంగతి ఎవరికి తెలుసు? ట్యూబు ఇవాళే పారేయొచ్చు. బంగారం లాంటి చెయ్యి బంగారంలాగే ఉంటుంది, ఆయన ఆ మొహంతో ఇంకోసారి నవ్వుతాడు, పాపం చెల్లెలి కోసం నువ్వెంత బాధపడుతున్నావో అంటాడు. ఎంత తేలిక. ఛీ, అనుకుంది. అనుకుంటూనే ప్రశ్నలో మాటలు సరిగ్గా ఉన్నాయో లేదో ఇంకోసారి చూసుకుంది.

లైట్లు వెలిగాయి. చప్పట్లు. చెయ్యి ఎత్తాలా వద్దా అనుకునేలోపు ఆ అవసరం లేకుండా పోయింది. కోటావిడ కలం బల్ల మీద పెట్టి, "ఈ జీవిని మనిషి నోట్లో ఉండేవాటితో పోల్చి చూశారా?" అని అడిగింది.

తన ప్రశ్న. దాన్ని కూడా ఇంకెవరో ముందే అడిగేశారు.

లేదండీ, అంది ఉడత. ఆ ఉబ్బు చూస్తే నాకు నోటిదే అనిపిస్తోంది, తేనె నోటితో పీల్చారా, అని ఆవిడ మెత్తగానే అడిగింది. లేదండీ, నేను నోరు పెట్టలేదు, అంది ఉడత. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గురువుగారు కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు, తుడవాల్సిన మరక ఏమీ లేకపోయినా. మరి ఎవరో ఒకరు పెట్టి ఉండాలి కదమ్మా, అంది ఆవిడ. అప్పుడు ఉడత ఆలోచించింది. దాని మొహంలో ఆలోచన నడవడం ప్లేట్లక్కకి కనిపిస్తోంది, పుట్టినప్పట్నుంచీ చూస్తున్న మొహం. తోట, గొట్టం, సంచి, ల్యాబ్ తలుపు, బూర. అక్కడికి వచ్చి ఆగింది. కళ్ళు నేరుగా మూడో వరసకి వచ్చాయి, ఒక్క రెప్పపాటు నిలిచి, మెల్లగా పక్కకి తప్పుకున్నాయి.

"ల్యాబ్‌లో ఎక్కడ ఏం జరిగినా బాధ్యత నాదేనండీ," అంది ఉడత. "పొరపాటు నాదే అనుకోండి."

గురువుగారు తుడవడం ఆపి తలెత్తారు, కోటావిడ చూపులో ఏదో మెత్తబడింది, మొగుడి మొహంలో గర్వం లాంటిది కదిలింది. ప్లేట్లక్క అది చూసింది. ఒళ్ళు భగ్గుమంది. చూశారా, ఎంత గొప్పగా మునుగుతోందో, మునగడంలో కూడా ఎంత అందమో. రేపట్నుంచీ ఇదే చెప్పుకుంటారు, ఆ పిల్ల అక్కని ఎలా కాపాడిందో తెలుసా అని. నా చదువు తీసుకున్నావు, నా ప్రశ్న తీసుకున్నావు, నా మొగుడి నవ్వు తీసుకున్నావు, ఆఖరికి నా ఉమ్ము కూడా తీసుకుపోతావా? అది ఒక్కటీ నాది. ఈ ఇరవై ఏళ్ళలో ఈ హాల్లో తెర మీదికి ఎక్కింది నాది అదొక్కటే. కాళ్ళు తనని అడక్కుండానే లేచాయి.

"ఆ పొరపాటు దానిది కాదు," అంది ప్లేట్లక్క. "నాది. గట్టు తోట తేనె బుడ్డికి దిగలేదు. నోటితో ఊదాను. అది నా నోట్లోది."

తలలన్నీ తిరిగాయి. కోటావిడ కూడా కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి, ఈ సంగతి ఎప్పుడు తెలిసిందని అడిగింది. నోటిదని నిన్న తెలిసిందని, తనదని ఇప్పుడే తెలిసిందని చెప్పింది. నిన్న తెలిసి మీ చెల్లెలికి చెప్పలేదా, అందావిడ. చెప్పలేదంది. ఎందుకు చెప్పలేదు, అందావిడ.

మొగుడు ఈ వైపే చూస్తున్నాడు. ఉడతా చూస్తోంది. అబద్ధాలు చాలా ఉన్నాయి, ఒక్కటీ నోటికి అందలేదు.

"కుళ్ళండీ," అంది.

ఎండ గీత ఉడత భుజం మీద నుంచి జారి ఎప్పుడో నేల మీదికి పోయింది. కోటావిడ కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కలం చేతిలోకి తీసుకుంది. అయితే ఆ జీవి లేదనుకుందాం, అంది. ఆ తోటలో తేనెటీగలకి జబ్బు తక్కువన్న మాట మాత్రం నిజమేనా? నిజమేనండీ, అంది ఉడత, తేనెటీగల పొట్టలు వేరే చోట, వేరేవాళ్ళు చూశారు, ఈ ఊదడంతో దానికి సంబంధం లేదు. ఆవిడ ముందుకి వంగింది, గురువుగారు ఎప్పుడో వంగినట్టే.

"మరి అవి ఎందుకు బాగున్నాయి?"

ప్లేట్లక్క బుర్రలో ఆ చిక్కటి తేనె కదిలింది, గొట్టంలోంచి దిగనని మొండికేసిన తేనె, అంత చిక్కన ఎందుకుందో ఒక్కరోజైనా అడగని తేనె. చేతులు ఖాళీగా ఉన్నాయి. జీవితంలో మొదటిసారి ఖాళీగా ఉన్నాయి. నోరు తెరిచింది. వేదిక మీద ఉడత కూడా నోరు తెరిచింది. తెలీదండీ, అన్నారు అక్కాచెల్లెళ్ళిద్దరూ.

ఉడత ఒక్క క్షణం ముందు అంది.